మంచమే రోగిని తిప్పితే: వార్డులో ఒత్తిగిలించే యంత్రాల సంగతి

అర్ధరాత్రి దాటి రెండు గంటలు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన వార్డులో వెల్లకిలా పడుకుని ఉన్నారు. మంచానికి ఒకవైపు నర్సు, మరోవైపు అటెండెంట్ నిలబడ్డారు. ఆయన నడుము కింద అడ్డంగా పరిచిన డ్రా షీటు అంచుల్ని గుప్పిళ్లలో చుట్టి బిగించి పట్టుకున్నారు. "తాతగారూ, ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతున్నాం" అని నర్సు చెవి దగ్గరగా చెప్పింది. ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరూ ఒకేసారి ఎత్తి జరిపారు. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య మరొకటి పెట్టారు. తొడ కింద నలుగుతున్న మూత్రం గొట్టాన్ని అటెండెంట్ పైకి తీశాడు. నర్సు టార్చి వేసి నడుము దిగువన ఎముక మీది చర్మాన్ని చూసింది, వేలితో నొక్కి మళ్లీ చూసింది. షీటు కాస్త తడిగా తగిలితే మార్చింది. "నొప్పిగా ఉందా?" అని అడిగి, ఆయన తల అడ్డంగా ఊపాక చార్టులో "2:00, ఎడమ పక్క" అని రాసింది. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది.

చార్టులో పడింది రెండే మాటలు. జరిగిన పనులు మాత్రం అరడజను. ఎత్తడం, తిప్పడం, గొట్టాలు సర్దడం, చర్మం చూడటం, తడి బట్ట మార్చడం, మనిషిని పలకరించడం. రోగిని దానంతట అదే పక్కకు తిప్పే మంచాలు, పరుపులు వార్డుల్లోకి వస్తున్నప్పుడు జరిగే గందరగోళానికి చాలావరకు మూలం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. యంత్రం ఈ ఆరింట్లో ఒకటో రెండో పనులు తీసుకుంటుంది. మిగతావి ఎవరు, ఎప్పుడు చేస్తారన్నది దాంతోపాటు పెట్టెలో రాదు.

అసలు ఎందుకు తిప్పాలి

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా ఎన్నోసార్లు ఒత్తిగిల్లుతాడు. ఒకచోట బరువు ఎక్కువసేపు పడితే తిమ్మిరో నొప్పో వస్తుంది, మెలకువ రాకుండానే శరీరం పక్కకు జరుగుతుంది. పక్షవాతం, వెన్నుపాము దెబ్బ, మత్తు, తీవ్రమైన నీరసం ఉన్నవారిలో ఈ ఏర్పాటు పనిచేయదు. స్పర్శ తెలియదు, లేదా తెలిసినా కదలలేరు.

అప్పుడు ఎముక పైనుంచి, పరుపు కింది నుంచి మధ్యలోని మాంసాన్ని నలుపుతాయి. సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. కణాలు వంకర తిరిగి అక్కడికక్కడే దెబ్బతింటాయి. వీపు దిగువన ఉండే త్రికాస్థి, తుంటి, మడమ, మోచేయి, తల వెనక భాగం ఎక్కువ ప్రమాదంలో ఉండే చోట్లు. ఇలా వచ్చేదాన్నే మనం బెడ్‌సోర్ అంటాం, ఒత్తిడి పుండు అని కూడా అంటారు. 2016లో అమెరికా నిపుణుల సంఘం 'పుండు' అనే మాట బదులు 'ఒత్తిడి గాయం' అనాలని సూచించింది. చర్మం పగలకుండానే లోపల మాంసం చచ్చిపోయే సందర్భాలు ఉండటమే అందుకు కారణం.

మొదటి దశలో చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పాలిపోకపోతే గాయం మొదలైనట్టు. చామనఛాయ, నల్లని చర్మం మీద ఈ ఎరుపు సరిగా కనిపించదు. అక్కడ చర్మం వేడిగానో చల్లగానో తగలడం, గట్టిపడటం లేదా మెత్తబడటం, ముట్టుకుంటే నొప్పి అనడం గుర్తులు. అంటే చూపుతో పాటు చేతి స్పర్శ కూడా కావాలి.

ఒత్తిడి ఎంత ఉందన్నదే కాదు, ఎంతసేపు ఉందన్నదీ ముఖ్యమే. 1959లో మైఖేల్ కోసియాక్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా తేలింది. ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు ఉన్నా, తక్కువ ఒత్తిడి చాలాసేపు ఉన్నా పుండు పడింది. రెండు గంటలకోసారి అనే అలవాటు అంతకుముందే ఉంది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్‌లో వెన్నుపాము గాయాల కేంద్రాన్ని మొదలుపెట్టిన లుడ్విగ్ గుట్‌మన్, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగుల్ని తిప్పించేవాడు. అప్పట్లో అలాంటి రోగులు పుండ్లతో, మూత్ర ఇన్ఫెక్షన్లతో నెలల్లోనే పోయేవారు. అందుకే ఆ కట్టుబాటు ప్రపంచమంతా పాకింది. కానీ రెండు గంటలు అనేది అందరి శరీరాలకూ కొలిచి పెట్టిన గీత కాదు.

ఒత్తిడికి తోడు ఇంకో దొంగ దెబ్బ ఉంది, దాన్ని కోత బలం అంటారు. మంచం తలవైపు ఎత్తితే శరీరం కిందికి జారాలని చూస్తుంది. చర్మం మాత్రం షీటుకు అతుక్కుని ఉండిపోతుంది. లోపల ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి మెలిపడతాయి. చిన్న లెక్క చూద్దాం. నడుము పైభాగం బరువు 40 కిలోలు, మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తారు. ఆ వాలు వెంట కిందికి లాగే బలం బరువులో సగం, అంటే సుమారు 20 కిలోల బరువంత. ఈ లాగుడు పక్కకు తిప్పినంత మాత్రాన పోదు. ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తున్నవారికీ, వెంటిలేటర్ మీద ఉన్నవారికీ ఊపిరితిత్తుల్లోకి ఏదీ జారకుండా తల ఎత్తి ఉంచాలి. చర్మానికేమో మంచం బల్లపరుపుగా ఉంటే మేలు. ఈ రెండింటి మధ్య రాజీ ఏ రోగికి ఎక్కడ కుదుర్చుకోవాలన్నది మనిషి తీర్మానించాల్సిన విషయం.

ఒకే పేరుతో పిలిచే వేర్వేరు పరికరాలు

'ఆటోమేటిక్ మంచం' అంటే ఏది అనే ప్రశ్న దగ్గరే సగం వాదనలు తెగిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గాలి పరుపు. పక్కపక్కనే ఉన్న గొట్టాల్లాంటి అరల్లోకి పంపు వంతులవారీగా గాలి నింపుతుంది, తీస్తుంది. ఒక చుట్టుకు పది నిమిషాల అటూఇటూ పడుతుంది. దీంతో ఒత్తిడి పడే చోటు మారుతూ ఉంటుంది, కానీ రోగి వెల్లకిలా ఉంటే వెల్లకిలాగానే ఉంటాడు. "ఎయిర్ బెడ్ వేశాం కదా, ఇక తిప్పక్కర్లేదు" అనుకోవడం చాలా మామూలు పొరపాటు, ప్రమాదకరమైన పొరపాటు కూడా.

రెండోది తిప్పడానికి సాయపడేది. నర్సు బటన్ నొక్కితే పరుపు ఒకవైపు ఉబ్బి రోగిని అవతలి పక్కకు వాలుస్తుంది. ఆ కాస్సేపట్లో ఆమె వీపు తుడుస్తుంది, షీటు మారుస్తుంది. పని అయ్యాక మళ్లీ సమం అవుతుంది. ఇది మనిషి పక్కన ఉన్నప్పుడు వాడేది.

మూడోదే నిజంగా తనంతట తాను తిప్పేది. ఎన్ని డిగ్రీలు, ఒక్కో పక్క ఎంతసేపు అని ముందే పెడితే పరుపు గానీ మంచం చట్రం గానీ నెమ్మదిగా ఎడమ, మధ్య, కుడి అంటూ వాలుతూ ఉంటుంది. ఇందులో మళ్లీ రెండు రకాలు. ఐసీయూల్లో వాడే కొన్నిటి లక్ష్యం ఊపిరితిత్తులు. కఫం ఒకచోట చేరకుండా ఒక్కో పక్కకు 40 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ కూడా తిప్పుతాయి. వార్డుల కోసం చేసినవి తక్కువ కోణంలో, చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తిరుగుతాయి. ఒక పని కోసం చేసినదానిపై జరిగిన పరిశోధనను మరోదానికి సాక్ష్యంగా చూపించడం తరచూ జరుగుతుంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1958లో అమెరికాలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టరు గుండ్రటి చట్రంలో తిరిగే విద్యుత్ మంచం తెచ్చాడు. రోగిని రెండు పలకల మధ్య బిగించి జెయింట్ వీల్‌లా తల నుంచి కాళ్ల వైపుకు తిప్పితే బోర్లా పడుకున్న స్థితికి వచ్చేవాడు. ఇప్పటి పరికరాల్లో మోటార్ల కంటే ముఖ్యంగా మారింది నెమ్మదితనం.

ఇవి కాక సీలింగ్‌కు బిగించిన లిఫ్టులు, కింద గాలి ఊది రోగిని సులువుగా జరిపే చాపలు, "ఈయన్ని తిప్పే టైమైంది" అని గుర్తుచేసే ఛాతీ సెన్సర్లు ఉన్నాయి. అవి సాయపడతాయి, గుర్తుచేస్తాయి, కానీ తిప్పవు.

ఒక వార్డు లెక్క

యంత్రం ఎంత సమయం మిగులుస్తుందో ఊహించిన అంకెలతో లెక్కేద్దాం. 30 మంచాల వార్డులో తమంతట తాము కదలలేనివాళ్లు 10 మంది. రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరికి రోజుకు 12 సార్లు, మొత్తం 120 సార్లు. పైన చూసినట్టు ఒక్కోసారి ఇద్దరికి ఆరేసి నిమిషాలు, అంటే 12 నిమిషాల శ్రమ. 120ని 12తో గుణిస్తే 1,440 నిమిషాలు, అంటే సరిగ్గా 24 గంటలు. ఒక మనిషి రోజంతా కూర్చోకుండా ఈ ఒక్క పనే చేసినట్టు.

ఇప్పుడు పది మంచాలూ వాటంతటవే తిప్పుతున్నాయి అనుకుందాం. 24 గంటలూ మిగిలాయా? చర్మం చూడాలి, తడి మార్చాలి. నాలుగు గంటలకోసారి చూస్తే పది మందికి 60 సార్లు. వీపు చూడాలంటే రోగిని ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు చూడాలి. ఇద్దరికీ నాలుగేసి నిమిషాలు వేసుకుంటే 480 నిమిషాలు, 8 గంటలు. అంటే మిగిలింది 16 గంటలు. అలారాలు చూడటం, జారినవారిని పైకి జరపడం, పరుపు శుభ్రం చేయడం కలిపితే ఇంకా తగ్గుతుంది.

పదహారు గంటలైనా తక్కువేమీ కాదు. కానీ 24 గంటలు మిగులుతాయని నమ్మి ఒక పోస్టు తీసేసిన వార్డులో ఆ ఎనిమిది గంటల పని గాల్లో కలిసిపోతుంది. చర్మం చూడటమే మొదట ఆగిపోయే పని, ఎందుకంటే అది చేయకపోయినా ఆ పూట ఎవరికీ తెలియదు.

పరిశోధనలు ఎంతవరకు చెబుతున్నాయి

ఇక్కడ చిత్రమైన పరిస్థితి. తిప్పకపోతే పుండ్లు వస్తాయన్నదానిలో సందేహం లేదు. ఎంత తరచుగా తిప్పాలి, ఏ పరికరం ఎంత మెరుగు అన్నవే గట్టిగా తేలని ప్రశ్నలు.

అమెరికా, కెనడా నర్సింగ్ హోమ్‌లలో 942 మంది వృద్ధుల మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ బృందం చేసింది. అందరికీ మంచి సాంద్రత ఉన్న ఫోమ్ పరుపులు వేసి, కొందరిని రెండు గంటలకు, కొందరిని మూడు గంటలకు, కొందరిని నాలుగు గంటలకు ఒకసారి తిప్పారు. మూడు వారాల్లో పుండ్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని చదివి "నాలుగు గంటలు చాలు" అనేస్తే తొందరపాటే. వాళ్లందరికీ మంచి పరుపులున్నాయి, తిప్పడం సమయానికి జరుగుతోందో లేదో గట్టిగా చూశారు, వాళ్లు ఐసీయూ రోగులు కాదు.

గాలి పరుపుల విషయంలో బ్రిటన్‌లో 2,029 మందితో జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. వంతులవారీగా గాలి మారే పరుపునూ మేలురకం ఫోమ్ పరుపునూ పోల్చారు. మొత్తం మీద స్పష్టమైన తేడా తేలలేదు. ఖరీదైన మోటారు ఉన్నంత మాత్రాన ఫలితం ఖాయం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. నాసిరకం పరుపు మీద ఉన్న వార్డుకు మొదటి మెట్టు మంచి ఫోమ్ కావచ్చు.

మరోవైపు, అమెరికాలో ఒక ఆసుపత్రి ఐసీయూల్లో 1,300 మందికి పైగా రోగులతో చేసిన సెన్సర్ ట్రయల్ 2018లో వచ్చింది. తిప్పాల్సిన సమయాన్ని సెన్సర్ గుర్తుచేసిన గుంపులో ఒత్తిడి గాయాలు 0.7 శాతం, మామూలు పద్ధతిలో 2.3 శాతం. అక్కడ తిప్పింది మనుషులే, సెన్సర్ గుర్తుచేసిందంతే. నాకు ఈ మూడింటినీ కలిపి చదివితే కనిపించేది ఇది: ఎన్ని గంటలకోసారి అన్న అంకె కంటే, అనుకున్నది నిజంగా జరుగుతోందా అన్నది ఎక్కువ తేడా తెస్తోంది. ఆటోమేటిక్ మంచానికి అనుకూలంగా చెప్పగలిగిన బలమైన మాట కూడా ఇదే. అది మరిచిపోదు, అలిసిపోదు.

ఐసీయూల్లో నిరంతరం తిప్పే మంచాల వల్ల న్యుమోనియా తగ్గవచ్చని కొన్ని అధ్యయనాలు చూపించాయి. మరణాలు తగ్గాయని మాత్రం అంత నిలకడగా తేలలేదు.

నర్సు నడుము, రోగి నిద్ర

యంత్రాలు కావాలనేవారి వాదనలో రోగి కంటే ముందు నర్సు నడుము వస్తుంది, రావాలి కూడా. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థకు చెందిన థామస్ వాటర్స్ 2007లో ఒక హద్దు సూచించాడు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి చేత్తో ఎత్తాల్సిన రోగి బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదు. 80 కిలోల మనిషిని ఇద్దరు కలిసి తిప్పితే ఒక్కొక్కరి మీద ఎంత పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. అదీ ముందుకు వంగి, చేతులు చాచి, రాత్రి షిఫ్టులో. నడుము నొప్పితో ఈ వృత్తే వదిలేసినవాళ్లు ప్రతి ఆసుపత్రికీ తెలుసు. బాగా బరువున్న రోగిని తిప్పడానికి నలుగురు దొరికేదాకా ఆగి, దొరక్క ఆ పూట తిప్పడం మానేయడం కూడా జరిగేదే. అలాంటి రోగికి యంత్రం సౌకర్యం కాదు, అవసరం.

రోగి వైపు నుంచి చెప్పుకోదగ్గ లాభం నిద్ర. రెండు గంటలకోసారి లేపి తిప్పడం అంటే రాత్రంతా ముక్కలు ముక్కలు నిద్ర. నిమిషాల తరబడి మెల్లగా వాలే మంచం మీద చాలామంది లేవరు. ఒక్కసారి తిప్పితే బీపీ పడిపోయే రోగులకూ నెమ్మది వాలు మంచిది.

అయితే మంచం తనంతట తాను కదలడం అందరికీ హాయిగా ఉండదు. పడిపోతున్నానన్న భయం, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం కొందరికి కలుగుతాయి. మతిమరుపు ఉన్నవారు, మత్తు దిగుతున్నవారు బెదిరిపోతారు. వెన్నెముక నిలకడగా లేని రోగికి, ఎముకను బరువులతో లాగి ఉంచే ట్రాక్షన్ వేసిన రోగికి మామూలు వాలు పరుపు అసలు వాడకూడదు. ఇక "నర్సు వచ్చి ముట్టుకుంటే ఆవిడ నన్ను చూసుకుంటోందని ధైర్యం" అనే మాటను భావోద్వేగమని తోసేయలేం. ఆ ముట్టుకోవడంలోనే జ్వరం, చెమట, కొత్త నొప్పి బయటపడతాయి.

మంచం వాలింది, మనిషి తిరిగాడా?

తెర మీద 30 డిగ్రీలు అని కనిపిస్తుంది. అది పరుపు కోణం. రోగి పల్లం వైపు కాస్త జారి ఉంటే, లేదా పరుపు మెత్తగా కుంగితే ఆయన తుంటి కోణం పది పదిహేను డిగ్రీలే కావచ్చు. అప్పుడు త్రికాస్థి మీద బరువు దాదాపు ఎప్పట్లాగే ఉంటుంది. 30 డిగ్రీలన్న అంకెకు కారణం ఉంది. పూర్తిగా పక్కకు, 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. మధ్యస్థంగా ఉంచితే పిరుదు కండ మీదికి వెళ్తుంది.

మడమల సంగతి మరీ ముఖ్యం. మొండెం ఎంత తిరిగినా మడమ పరుపుకు ఆనుకునే ఉంటుంది. పిక్క కింద దిండు పెట్టి మడమను గాల్లో ఉంచాల్సిందే, పక్కకు తిప్పే మోటారు ఆ పని చేయదు. గొట్టాలు, వైర్లు వాలే వైపుకు లాగబడతాయి. ఒంటి కింద చిక్కుకున్న సిరంజి మూత లాంటిది గంటలో చర్మం మీద అచ్చు పడేస్తుంది.

చిన్నదిగా కనిపించే మరో విషయం పక్కబట్టలు. చెమట పీలుస్తాయని, మరకలు పడవని గాలి పరుపు మీద దుప్పటి, దానిమీద రబ్బరు షీటు, ఆపైన డ్రా షీటు, ఇంకో ప్యాడ్ వేస్తారు. నాలుగు పొరల కింద పరుపు చేసే పని రోగి ఒంటికి చేరదు.

వార్డులోకి వచ్చాక తలెత్తే చిక్కులు

పరుపు ఎత్తు పెరిగితే పక్క కమ్మీల ఎత్తు తగ్గినట్టే. వాలినప్పుడు కమ్మీకీ పరుపుకీ మధ్య సందు ఏర్పడి తలో చెయ్యో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇలా ఇరుక్కునే అవకాశమున్న ఏడు చోట్లను అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2006లో వేరు చేసి చూపించింది. పాత మంచం మీద కొత్త కంపెనీ పరుపు వేసినప్పుడు ఈ కొలతలు మళ్లీ చూడకపోవడం తరచూ జరిగే తప్పు.

గుండె ఆగితే మెత్తటి, వాలిన పరుపు మీద ఛాతీ నొక్కడం కుదరదు. అందుకే ఈ పరుపులకు గాలి చటుక్కున తీసేసే మీటో బటనో ఉంటుంది. అది ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి వెతుక్కోగలగాలి. రాత్రి డ్యూటీకి వేరే వార్డు నుంచి వచ్చిన నర్సుకు అది తెలుసా అన్నదే అసలు పరీక్ష. కరెంటు పోతే మంచం ఏ కోణంలో ఆగుతుంది, పరుపు ఎంతసేపు గాలి నిలుపుకుంటుంది అన్నవీ ముందే తెలిసి ఉండాలి.

రికార్డు విషయంలోనూ తికమక ఉంది. మంచం "రాత్రి 12 సార్లు తిప్పాను" అని లాగ్ ఇస్తుంది. దాన్ని చార్టులో తిప్పినట్టు రాయవచ్చా? మంచం కదిలిందన్నదానికి అది సాక్ష్యమే. చర్మం చూశారనడానికి కాదు. కొన్ని వార్డులు ఈ రెండింటికీ చార్టులో వేర్వేరు గళ్లు పెట్టుకుంటాయి, నాకైతే అది సరైన పనిగా తోస్తుంది.

ఈ పరుపులు ఎవరికి వేయాలన్నది తేల్చడానికి ఎక్కువగా వాడేది, ఒత్తిడి గాయం వచ్చే ప్రమాదాన్ని అంచనా వేసే బ్రేడెన్ స్కేలు. 1987 నుంచి వాడుకలో ఉంది. స్పర్శ తెలియడం, తడి, నడక, కదలిక, ఆహారం, రాపిడి అనే ఆరింటికి మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 దాకా, తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. కానీ ఇద్దరికీ 12 మార్కులే వచ్చినా, ఒకరికి సమస్య కదలిక కావచ్చు, మరొకరికి తడి, తిండి కావచ్చు. తిప్పే మంచం మొదటివారికి నేరుగా పనికొస్తుంది. రెండోవారికి ప్యాడ్ మార్చే మనిషి, సరైన ఆహారం ముందు కావాలి.

కదలిక తిరిగి వస్తున్న రోగి

ఆరంభంలో చూసిన పెద్దాయన దగ్గరికే వద్దాం. మూడో వారంలో ఆయన ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని కొద్దిగా ఒత్తిగిల్లడం మొదలుపెట్టారు అనుకుందాం. ఫిజియోథెరపిస్టుకు అది బంగారం లాంటి కదలిక. మంచం మాత్రం పెట్టిన ప్రోగ్రాం ప్రకారం ఆయన్ని వాలుస్తూనే ఉంటుంది. తన బలంతో తిరగాల్సిన ప్రతిసారీ అది ముందే తిప్పేస్తే ఆయనకు ప్రయత్నించే అవకాశమే రాదు. పైగా మెత్తటి గాలి పరుపు మీద ఆసరా దొరక్క, లేచి కూర్చోవడం గట్టి పరుపు మీదకంటే కష్టం.

అందుకే పగలు మోటారు ఆపి ఆయన్నే తిరగమని, రాత్రి నిద్రలో మాత్రం మంచాన్ని తిప్పనివ్వడం ఒక పద్ధతి. ఫోమ్ పరుపుకు మార్చేయడం ఇంకో పద్ధతి. మోటారు వేసే రోజున ఎందుకు వేశారో కేసు షీటులో రాసి ఉంటుంది. ఎప్పుడు ఆపాలో, ఆపమని చెప్పేది డాక్టరా, నర్సా, ఫిజియోనా అన్నది కూడా ఆ పక్కనే రాసి ఉంటే, మూడో వారంలో ఆయన చెయ్యి కమ్మీ దాకా వెళ్లిన రోజున ఎవరో ఒకరు ఆ బటన్ దగ్గరికి వెళ్తారు.